గ్రో టెంట్‌కి ఫ్యాన్, ఫిల్టర్ ఎంచుకోవడం: గదితో మొదలుపెట్టి చివరి క్లాంపు దాకా

ఇంట్లో గ్రో టెంట్ (లోపల లైటు పెట్టుకుని మొక్కలు పెంచే, జిప్పు ఉన్న గుడ్డ గది) వేసుకుని మొక్కలు పెంచాలనుకునే వాళ్లలో చాలామంది ముందు లైటు కొంటారు, తర్వాత టెంట్, కుండీలు, మట్టి, ఎరువులు, ఇవన్నీ అయ్యాక మిగిలిన డబ్బుతో ఏదో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ తెచ్చి బిగిస్తారు. లైటు ఎంత మంచిదైనా లోపల గాలి సరిగ్గా ఆడకపోతే ఆకులు ముడుచుకుపోతాయి, పూత రాలిపోతుంది, బూడిద తెగులు అంటుకుంటుంది, వేలు పోసి కొన్న లైటుని సగానికి తగ్గించి వెలిగించుకోవాల్సి వస్తుంది. అందుకే నేను ఎవరికైనా గట్టిగా చెప్పే మాట ఒకటే: టెంట్ సైజు చూసి ఫ్యాన్ కొనకండి, లైటు ఎన్ని వాట్లో చూసి, టెంట్ పెట్టబోయే గదిలో గాలి ఎలా ఉందో చూసి కొనండి.

ఇది మొదటి నుంచి చివరి దాకా వరుసగా చేయాల్సిన పని. మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

మొదటి పని: గదిని కొలవండి

టెంట్ పీల్చేది గదిలోని గాలినే. గది 31 డిగ్రీలుంటే, లైటు వెలుగుతున్నంతసేపు టెంట్ 31 కంటే పైనే ఉంటుంది, మీరు ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా సరే. ఫ్యాన్ గాలిని మారుస్తుంది తప్ప చల్లబరచదు. తేమ సంగతీ అంతే. బయట గాలే తడిగా ఉంటే, ఆ గాలిని ఎంత వేగంగా లోపలికి లాగినా టెంట్ ఆరదు.

కాబట్టి ఏమీ కొనకముందే ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి ఆ గదిలో కొన్ని రోజులు పెట్టండి. రోజులో ఎక్కువ ఎంత, తక్కువ ఎంత అన్నది రాసుకోండి, ముఖ్యంగా మధ్యాహ్నం, తెల్లవారుజామున. ఎక్కువ మొక్కలకి లైటు కింద 24 నుంచి 28 డిగ్రీలు హాయిగా ఉంటుంది. టమాటాకి పగలు 32 దాటితే పుప్పొడి దెబ్బతిని పూత నిలవదు. గది మధ్యాహ్నం 30 దాటుతుంటే, లైటు పగలు కాకుండా రాత్రిపూట వెలిగేలా టైమర్ పెట్టుకోవడం అన్నిటికంటే చవకైన పరిష్కారం, మొక్కకి గడియారంతో పని లేదు. అది చాలకపోతే చల్లబరచాల్సింది గదిని, అంటే ఏసీ, టెంట్ ఫ్యాన్ మార్చుకుంటూ పోతే లాభం లేదు.

ఇదే దశలో ఇంకో ప్రశ్నకి జవాబు తేల్చుకోవాలి: టెంట్ నుంచి వచ్చే వేడి గాలి ఎక్కడికి పోతుంది? కిటికీలోంచి బయటికి పంపగలిగితే అంతకన్నా మంచిది లేదు. మళ్లీ అదే గదిలోకి వదిలితే, 300 వాట్ల లైటు ఆ గదిలో 300 వాట్ల హీటర్ పెట్టినట్టే, తలుపులు మూసిన చిన్న గదిలో గంటగంటకీ వేడి పేరుకుంటుంది. పెద్ద హాలైతే, తలుపు తెరిచి ఉంటే ఫర్వాలేదు. పైకప్పు కింద ఖాళీ జాగాలోకి మాత్రం వదలకండి, ఆ తేమంతా అక్కడ చేరి చెక్కకీ గోడకీ బూజు పడుతుంది. గాలిని బయటికి పంపేటప్పుడు అంతే గాలి ఇంట్లోకి ఎక్కడినుంచో రావాలి, దానికి తలుపు కింద సందో, ఇంకో కిటికీయో ఉండాలి. ఇంట్లో గ్యాస్ గీజర్ గానీ, మండే ఇంధనంతో నడిచే ఏ హీటర్ గానీ ఉంటే దీన్ని చాలా సీరియస్‌గా తీసుకోండి, ఎందుకంటే బలమైన ఎగ్జాస్ట్ ఇంట్లో గాలిని లాగేస్తే ఆ గీజర్ పొగ గొట్టంలోంచి బయటికి పోవాల్సిన కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి ఇంట్లోకి రాగలదు. అలాంటి ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టకుండా ఫ్యాన్ ఆన్ చేయవద్దు.

రెండో పని: ఎంత గాలి కావాలో లెక్క

అందరూ చెప్పే సూత్రం, టెంట్‌లో గాలి నిమిషానికి ఒకసారి పూర్తిగా మారాలని. 1.2 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 2 మీటర్ల ఎత్తున్న టెంట్ తీసుకుంటే ఘనపరిమాణం 2.88 క్యూబిక్ మీటర్లు, అంటే గంటకి సుమారు 173 క్యూబిక్ మీటర్లు, సీఎఫ్ఎంలో చెప్పాలంటే దాదాపు 100. (సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి అన్న కొలత, ఒక సీఎఫ్ఎం గంటకి 1.7 క్యూబిక్ మీటర్లు.) ఈ సూత్రంలో లోపం ఏమిటంటే దానికి లోపల ఎంత లైటు ఉందో తెలియదు. అదే టెంట్‌లో ఒకరు 150 వాట్లు పెడతారు, ఇంకొకరు 480 పెడతారు, ఇద్దరికీ ఒకే ఫ్యాన్ ఎలా సరిపోతుంది?

వేడితో లెక్కిస్తే ఇలా వస్తుంది. లైటు వాట్లని 3తో గుణించండి, టెంట్ గదికన్నా ఎన్ని డిగ్రీలు వేడిగా ఉన్నా మీకు ఫర్వాలేదో ఆ అంకెతో భాగించండి. వచ్చేది గంటకి కావలసిన క్యూబిక్ మీటర్ల గాలి. 300 వాట్ల లైటు, 4 డిగ్రీల తేడా అనుకుంటే 900 భాగించు 4, అంటే 225. అదే 150 వాట్లయితే 113 చాలు, 480 అయితే 360 కావాలి. ఎల్ఈడీ చల్లగా ఉంటుంది కదా అని వాట్లు తగ్గించి వేయకండి, వెలుగు రూపంలో వచ్చినా సరే ఆకుల మీద, గోడల మీద పడ్డాక దాదాపు అంతా చివరికి వేడే అవుతుంది. లైటు డ్రైవర్‌ని (లైటుకి కరెంటు అందించే పెట్టె) టెంట్ బయట పెట్టగలిగితే కొంత వేడి తగ్గుతుంది.

ఈ లెక్కలో ఒక సంగతి గమనించండి. 300 వాట్ల లైటుకే తేడా 6 డిగ్రీలు ఒప్పుకుంటే గంటకి 150 క్యూబిక్ మీటర్లు చాలు, 3 డిగ్రీలే కావాలంటే 300, 1 డిగ్రీ కావాలంటే 900. తేడాని సగం చేయాలంటే గాలి రెట్టింపు చేయాలి. అందుకే గది 22 ఉన్న వాళ్లు 6 డిగ్రీల తేడాతో హాయిగా చిన్న ఫ్యాన్‌తో నడిపేస్తారు, గది 27 ఉన్న వాళ్లు పెద్ద ఫ్యాన్ పెట్టినా అవస్థ పడతారు. మొదటి మెట్టు వదలొద్దని చెప్పింది అందుకే. పెద్ద మొక్కలు ఆకుల నుంచి నీరు ఆవిరి చేస్తూ వేడిలో కొంత భాగం తీసేసుకుంటాయి కాబట్టి నిజంగా టెంట్ ఈ లెక్క కన్నా కాస్త చల్లగానే ఉంటుంది, ఆ లాభాన్ని లెక్కలో కలపకుండా అలా ఉంచేయండి.

ఇక తేమ. మొక్క పీల్చిన నీటిలో 95 శాతానికి పైగా ఆకుల గుండా గాలిలోకే పోతుంది. రోజుకి 3 లీటర్లు పోస్తే దాదాపు 3 లీటర్ల ఆవిరి బయటికి పంపాలి. 25 డిగ్రీల దగ్గర గాలి పూర్తిగా తడిస్తే క్యూబిక్ మీటరుకి 23 గ్రాముల నీరు పడుతుంది. గదిలో తేమ 50 శాతం ఉండి, టెంట్‌లో 60 శాతం ఉండాలనుకుంటే ప్రతి క్యూబిక్ మీటరూ బయటికి మోసుకెళ్లేది 2.3 గ్రాములు. అంటే రోజుకి 1300 క్యూబిక్ మీటర్లు, గంటకి 55 లాగా. వేడి కోసం మనం తీసుకున్న 225 ముందు ఇది చాలా తక్కువ. కానీ గదే 60 శాతం ఉంటే? తేడా సున్నా, ఏ ఫ్యాన్ కూడా ఆ పని చేయలేదు, గదిలో గాలిలోని తేమ లాగేసే యంత్రం (డీహ్యుమిడిఫైయర్) పెట్టుకోవాల్సిందే. లైటు ఆరిన తర్వాత ఉష్ణోగ్రత పడిపోయి తేమ శాతం ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఆకుల మీద నీరు పట్టి బూజు వచ్చేది ఆ గంటల్లోనే, అందుకని ఫ్యాన్‌ని లైటుతో పాటు ఆపేయకండి.

మూడో పని: ఫ్యాన్

పెట్టె మీద రాసిన అంకె, ముందూ వెనకా ఏమీ తగిలించకుండా ఖాళీగా తిప్పినప్పుడు వచ్చేది. వాసన పట్టే కార్బన్ ఫిల్టర్, గాలిని బయటికి తీసుకెళ్లే గొట్టం (డక్ట్), దానికి రెండు వంపులు తగిలించాక అందులో మూడో వంతు దాకా పోవడం మామూలే. నేను సులువుగా లెక్క తేలేలా కావలసిన గాలిని ఒకటిన్నరతో గుణిస్తాను. 225 కాస్తా 340 అవుతుంది, అంటే 200 సీఎఫ్ఎం. సాధారణంగా దొరికే 4 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్లు (డక్ట్ వరుసలోనే బిగించేవి) పూర్తి వేగంలో ఇచ్చేది సుమారుగా అంతే. 6 అంగుళాలవి దాదాపు 350 నుంచి 400 సీఎఫ్ఎం ఇస్తాయి.

ఇక్కడ 4 అంగుళాలది కొని పూర్తి వేగంతో తిప్పాలా, 6 అంగుళాలది కొని నెమ్మదిగా తిప్పాలా అంటే, నా ఓటు ప్రతిసారీ 6కే. ఫ్యాన్ వేగం 60 శాతానికి తగ్గిస్తే గాలి కూడా 60 శాతం అవుతుంది, కరెంటు మాత్రం వేగం ఘనంతో పడిపోతుంది కాబట్టి సిద్ధాంతం ప్రకారం 22 శాతానికి దిగుతుంది. శబ్దం ఇంకా బాగా తగ్గుతుంది, పడకగది పక్కన టెంట్ ఉన్న వాళ్లకి ఇదొక్కటే చాలు కారణం. పైగా వేసవిలో పెంచుకోవడానికి జాగా మిగిలి ఉంటుంది.

ఫ్యాన్ రకం చూడండి. కంప్యూటర్ ఫ్యాన్, బాత్‌రూమ్ ఫ్యాన్ లాంటి మామూలు రెక్కల ఫ్యాన్లు ఖాళీ గాలిలో బాగానే విసురుతాయి గానీ ముందు ఫిల్టర్ అడ్డం పెట్టగానే చేతులెత్తేస్తాయి, వాటికి ఒత్తిడి పుట్టించే శక్తి ఉండదు. ఫిల్టర్ పెట్టేటట్టయితే ఒత్తిడి పుట్టించగల మిక్స్‌డ్ ఫ్లో రకం గానీ సెంట్రిఫ్యూగల్ రకం గానీ కావాలి. తయారీదారు ఒత్తిడికీ గాలికీ సంబంధం చూపే గ్రాఫ్ ఇచ్చి ఉంటే, ఇద్దరు అమ్మేవాళ్ల మధ్య ఆ గ్రాఫ్ ఇచ్చిన వాళ్లనే నమ్ముతాను. మోటారు విషయానికొస్తే, ఈసీ మోటార్లు (లోపలి ఎలక్ట్రానిక్స్‌తో వేగం మార్చుకునేవి) తక్కువ వేగంలో కూడా నిశ్శబ్దంగా తిరుగుతాయి, కరెంటు తక్కువ తీసుకుంటాయి. మామూలు ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) మోటారు ఫ్యాన్‌కి ఏదో ఒక లైట్ డిమ్మర్ తగిలించి వేగం తగ్గిస్తే అది గుయ్యిమని మోగుతుంది, వేడెక్కుతుంది, ఆ ఫ్యాన్‌కి సరిపోతుందని చెప్పిన కంట్రోలర్ మాత్రమే వాడండి. ఉష్ణోగ్రత, తేమ రెండిటినీ బట్టి తానే వేగం మార్చుకునే కంట్రోలర్ ఉంటే రోజూ టెన్షన్ పడాల్సిన పని లేదు.

నాలుగో పని: కార్బన్ ఫిల్టర్, నిజంగా కావాలా?

ఆకుకూరలు, నారు పెంచేవాళ్లకి చాలాసార్లు అవసరమే లేదు. ఫిల్టర్ లేకపోతే గాలి ప్రవాహం పెరుగుతుంది, ఖర్చూ బరువూ తగ్గుతాయి. పుదీనా, బేసిల్, బంతి, మల్లె లాంటి ఘాటైన మొక్కలు ఇల్లంతా వాసన నింపేస్తున్నా, చేపల ఎరువు లాంటి ద్రవాలు వాడుతున్నా, ఇంట్లో ఎవరికైనా వాసనలు పడకపోయినా అప్పుడు పెట్టండి.

అది పనిచేసే తీరు తెలిస్తే ఎంపిక సులువవుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ గుళికల్లో కంటికి కనిపించని రంధ్రాలు కోట్లలో ఉంటాయి, వాసన అణువులు వాటి గోడలకి అతుక్కుపోతాయి. అతుక్కోవడానికి కాస్త సమయం కావాలి. ఫిల్టర్‌లో 6 లీటర్ల కార్బన్ ఉండి, గంటకి 225 క్యూబిక్ మీటర్ల గాలి పోతుంటే సెకనుకి 62 లీటర్లు, అంటే గాలి కార్బన్‌లో ఉండేది సెకనులో పదో వంతు. చిన్న ఫిల్టర్‌కి పెద్ద ఫ్యాన్ తగిలిస్తే ఆ సమయం ఇంకా తగ్గి వాసన దాటిపోతుంది. కాబట్టి ఫిల్టర్ మీద రాసిన గాలి పరిమితి, మీరు ఫ్యాన్‌ని ఎక్కువలో ఎక్కువ తిప్పే వేగం కన్నా పైన ఉండాలి. కార్బన్ పొర మందం చూడండి, 38 మిల్లీమీటర్లు, 50 మిల్లీమీటర్లు ఉన్నవి పలచటి వాటికన్నా చాలా నయం. ఒకే సైజులో రెండు ఫిల్టర్లుంటే బరువైనది తీసుకోండి, లోపల ఎక్కువ కార్బన్ ఉంటుంది. అయితే ఆ బరువుని టెంట్ కడ్డీలు మోయగలవా అన్నది టెంట్ కాగితంలో ముందే చూసుకోవాలి, లైటు బరువు కూడా అదే కడ్డీల మీద పడుతుంది.

తేమ ఈ ఫిల్టర్‌కి శత్రువు. 70 శాతం దాటి తేమ నిలిచి ఉంటే ఆ రంధ్రాల్లో నీరు చేరి వాసనకి చోటు ఉండదు. వాసన తప్పించుకుంటోందంటే కొత్త ఫిల్టర్ కొనేముందు తేమ ఎంతుందో చూడండి.

వాసన పోగొడతాయని అమ్మే ఓజోన్ యంత్రాల జోలికి దయచేసి పోకండి. ఓజోన్ ఊపిరితిత్తులకి హాని చేస్తుంది, ఆకుల మీద కూడా మచ్చలు పడేలా కాలుస్తుంది, మనుషులుండే ఇంట్లో దానికి చోటు లేదు.

ఐదో పని: గాలి లోపలికి వచ్చే దారి

ఎగ్జాస్ట్ పైన, గాలి వచ్చే రంధ్రాలు కింద, వీలైతే ఎదురుగా ఉన్న మూలలో. అప్పుడే గాలి మొక్కల మధ్యగా నడిచి వెళ్తుంది. లోపలికి ఫ్యాన్ పెట్టకుండా ఊరికే తెరిచి ఉంచే పద్ధతిలో, ఆ రంధ్రాల వైశాల్యం ఎగ్జాస్ట్ కన్నా రెండు మూడు రెట్లు ఉండాలి. 6 అంగుళాల ఎగ్జాస్ట్ అంటే 182 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి 365 నుంచి 545 దాకా తెరవండి. ఫ్యాన్ తిరుగుతుంటే టెంట్ గోడలు కొద్దిగా లోపలికి వంగాలి, వాసన బయటికి రావడం లేదనడానికి అదే గుర్తు. గోడలు మొక్కలకి తగిలేంతగా లోపలికి పీల్చుకుపోతే కింద దారి చాలడం లేదు. బయటికి ఉబ్బితే లోపలికి వచ్చే గాలే ఎక్కువైంది.

ఆ దారికి ఏ వడపోత కావాలన్నది మీ భయాన్ని బట్టి ఉంటుంది. దుమ్ము, వెంట్రుకలు ఆపడానికి టెంట్‌తో వచ్చే జాలీ చాలు. తెల్లదోమ ఆపాలంటే 50 మెష్ (అంగుళానికి 50 రంధ్రాలున్న) కీటక నిరోధక వల కావాలి, తామర పురుగులు ఇంకా సన్నం, వాటికి ఇంకా సన్నని వల. వల సన్నబడే కొద్దీ గాలికి అడ్డు పెరుగుతుంది, దానికి విరుగుడు వల వైశాల్యం పెంచడమే, రంధ్రానికి అతికించకుండా పెట్టె లాంటి చట్రం చేసి దాని అన్ని వైపులా వల తొడగండి. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల రేణువుల్ని 99.97 శాతం ఆపుతుంది, బూడిద తెగులు బీజాలు అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దవి కాబట్టి ఆ పని అది చేస్తుంది, కానీ దాన్ని ఊరికే తెరిచి ఉంచిన దారికి పెడితే గాలి ఆగిపోతుంది, లోపలికి తోసే ఫ్యాన్ కూడా కావాలి. మామూలు ఇళ్లలో హెపా నాకు అనవసరం అనిపిస్తుంది, ఎందుకంటే జిప్పు తీసిన ప్రతిసారీ గదిలో ఉన్న బీజాలు ఎలాగూ లోపలికి వస్తాయి, పైగా ఎర్రనల్లి ఎక్కువగా కొత్తగా తెచ్చిన మొక్కల మీదో మన బట్టల మీదో వస్తుంది, మట్టిలో పుట్టే చిన్న నల్లదోమలు తడి మట్టితోనే వస్తాయి. వాటిని ఏ వడపోతా ఆపదు, కొత్త మొక్కని కొన్నాళ్లు వేరుగా ఉంచడమే మందు.

చామంతి లాంటి మొక్కలు పూతకి రావాలంటే రాత్రి చీకటి పూర్తిగా ఉండాలి. అలాంటివి పెంచేవాళ్లు ఈ రంధ్రాల్లోంచి వెలుగు రాకుండా నల్లటి డక్ట్ ముక్క ఒకటి వంపు తిప్పి పెట్టుకోవాలి.

ఆరో పని: బిగించడం

వరుస ఇది: టెంట్ లోపల పైన ఫిల్టర్, దానికి ఫ్యాన్, ఫ్యాన్ నుంచి డక్ట్ బయటికి. ఫ్యాన్ ఫిల్టర్‌లోంచి గాలిని పీల్చాలి. అప్పుడు ఫ్యాన్ లోపలికి దుమ్ము పోదు, డక్ట్‌లో ఎక్కడైనా సందున్నా బయటికి వచ్చేది శుభ్రమైన గాలే. ఫ్యాన్ మీద గాలి దిశ చూపే బాణం ఉంటుంది, బిగించేముందు చూడండి. కొత్త ఫిల్టర్‌ని బయట గట్టిగా తట్టి, పైన వాక్యూమ్ పట్టండి, నీళ్లతో కడగకండి.

డక్ట్ ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. పూర్తిగా సాగదీసి మిగిలింది కత్తిరించేయండి, ముడతలతో సగం సాగిన డక్ట్ గాలిని చాలా తినేస్తుంది. వంపు తప్పదంటే వెడల్పుగా తిప్పండి. 6 అంగుళాల ఫ్యాన్‌కి 4 అంగుళాల డక్ట్ తగిలించవద్దు, వైశాల్యం సగానికన్నా తక్కువైపోతుంది. అతుకుల దగ్గర స్టీలు క్లాంపు, దాని మీద అల్యూమినియం టేపు. గుడ్డ టేపు జిగురు వేడికి ఎండి ఊడిపోతుంది. డక్ట్ చల్లటి చోటుగుండా వెళ్తే లోపల నీరు పడుతుంది, ఆ నీరు ఫ్యాన్ వైపు కాకుండా అటువైపు జారేలా వాలు ఇవ్వండి. ఫ్యాన్‌ని కడ్డీకి నేరుగా బిగించకుండా రబ్బరు పట్టీలతో వేలాడదీస్తే అదురు తగ్గుతుంది, అయినా గాలి హోరు వినిపిస్తుంటే ఫ్యాన్ తర్వాత సైలెన్సర్ పెట్టుకోవచ్చు. కరెంటు తీగలన్నీ ప్లగ్గు దగ్గర కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి, తీగ వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ప్లగ్గు బోర్డు నేల మీద పెట్టకండి, లీకేజీ బ్రేకర్ ఉన్న లైనుకే తగిలించండి.

ఏడో పని: లోపల గాలి కదలిక

ఎగ్జాస్ట్ గాలిని మారుస్తుంది, కానీ గుబురు ఆకుల మధ్య గాలి అక్కడే నిలిచిపోతుంది. చిన్న క్లిప్ ఫ్యాన్లు రెండు పెట్టండి, ఒకటి ఆకుల పైన, ఒకటి కింద కుండీల మీదుగా. ఆకులు మెల్లగా ఊగితే చాలు. ఒకే మొక్క మీదికి నేరుగా విసిరితే ఆ ఆకులు అంచుల్లో ఎండి గిన్నెలా ముడుచుకుంటాయి. లోపల గాలి ఆడకపోతే మొక్క చుట్టూ కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గిపోతుంది. బయటి గాలిలో అది 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) చుట్టూ ఉంటుంది, మూసిన టెంట్‌లో మొక్కలు దాన్ని త్వరగానే వాడేసుకుంటాయి.

ఎనిమిదో పని: పరీక్షించి సరిచేసుకోవడం

చవకైన ఎనిమోమీటర్ దొరికితే డక్ట్ చివర పెట్టి గాలి వేగం చూడండి, మధ్యలో ఒకచోట కాకుండా నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయండి. 6 అంగుళాల డక్ట్‌లో సెకనుకి 3.5 మీటర్లు వస్తే గంటకి దాదాపు 230 క్యూబిక్ మీటర్లు, మన లెక్కకి సరిపోయింది. అది లేకపోయినా దిగులు లేదు. లైటు వెలిగిన రెండు గంటల తర్వాత ఆకుల ఎత్తులో, లైటు నేరుగా పడకుండా నీడలో పెట్టిన మీటర్ ఎంత చూపిస్తోంది, గది ఎంతుంది, ఆ తేడా మీరు అనుకున్న 4 డిగ్రీల్లో ఉందా, అంతే.

తర్వాత తేమ. నారుకి 65 నుంచి 75 శాతం బాగుంటుంది, ఎదిగే మొక్కలకి 55 నుంచి 65, పూత వచ్చాక 45 నుంచి 55 దగ్గర ఉంచండి. నారు చిన్నగా ఉన్నప్పుడు పెద్ద ఫ్యాన్ గట్టిగా తిప్పితే మట్టీ ఆకులూ ఎండిపోతాయి, ఆ రోజుల్లో ఫ్యాన్‌ని తక్కువ వేగంలోనే ఉంచి, మొక్క పెరిగే కొద్దీ పెంచుకుంటూ వెళ్లండి. రాత్రి లైటు ఆరాక కూడా 30, 40 శాతం వేగంతో తిరగనివ్వండి, తెల్లవారుజామున తేమ చూసి ఆ అంకె సర్దుకోండి.

ఫిల్టర్ మీద తొడిగిన తెల్ల గుడ్డని నెలకోసారి తీసి ఉతికి, పూర్తిగా ఆరాకే మళ్లీ తొడగండి, కింది జాలీని కూడా అప్పుడే దులపండి. ఏమీ మార్చకుండానే టెంట్ మునుపటికన్నా వేడెక్కుతోందంటే ముందు అనుమానించాల్సింది ఈ రెండిటినే. తేమ అదుపులో ఉండి, గోడలు లోపలికే వంగి ఉండి, అయినా వాసన బయటికి వస్తోందంటే కార్బన్ నిండిపోయినట్టు. ఎడతెరిపి లేకుండా వాడితే ఇది సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్ల మధ్య జరుగుతుంది. ఎండలో పెడితేనో ఓవెన్‌లో పెడితేనో అది మళ్లీ కొత్తదవదు, దానికి ఫ్యాక్టరీ కొలిమి వేడి కావాలి, కాబట్టి కొత్తది కొనుక్కోవడమే. కార్బన్ మాత్రమే మార్చుకునేలా మూత ఊడే ఫిల్టర్ మొదటే తీసుకుని ఉంటే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది.